కీమో వికారానికి గంజాయి మందా, మామూలు మాత్రలా? ఇంట్లో పెద్దవారి కోసం ఎంచుకునే ముందు

మా పెద్దమ్మకు డెబ్బై ఒకటో ఏట అండాశయ క్యాన్సర్ బయటపడింది. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో కొడుకు దగ్గర ఉంటున్నారు. మూడు వారాలకొకసారి కార్బోప్లాటిన్, పాక్లిటాక్సెల్ అనే కీమో మందులు, మొత్తం ఆరు విడతలు. మొదటి విడత రోజున ఆసుపత్రి నుంచి నవ్వుతూనే ఇంటికి వచ్చారు. మూడో రోజు మధ్యాహ్నం వంటింట్లో పోపు వేస్తుంటే పడకగదిలోంచి "ఆ పొయ్యి ఆపండమ్మా" అని కేక వినిపించింది. ఆ తరువాత మూడు రోజులు కడుపులో మజ్జిగ కూడా నిలవలేదు. ఇంగువ వేయనిదే చారు ముట్టని మనిషి, ఇంగువ డబ్బా కనిపిస్తేనే మొహం తిప్పుకున్నారు.

ఆ వారంలోనే అన్నయ్యకు ఆఫీసులో ఎవరో గంజాయి గమ్మీల గురించి, అంటే గంజాయి కలిపిన జెల్లీ మిఠాయిల గురించి చెప్పారు. డిస్పెన్సరీకి, అంటే అక్కడ గంజాయి అమ్మే దుకాణానికి, వెళ్లి ఒక పొట్లం తెచ్చాడు. ఒక్కొక్క గమ్మీలో 10 మిల్లీగ్రాముల టీహెచ్‌సీ, అంటే గంజాయిలో మత్తు కలిగించే పదార్థం, ఉంది. రాత్రి ఎనిమిదిన్నరకు సగం ముక్క ఇచ్చాడు. గంట గడిచినా తేడా ఏమీ లేదని మిగతా సగం కూడా ఇచ్చాడు. ఒంటిగంటకు పెద్దమ్మ బాత్రూముకని లేచి, గది మధ్యలో నిలబడిపోయి, రెండు చేతులూ చాచి గోడ కోసం వెతికారు. అది తెనాలి ఇల్లు అనుకున్నారు, పెరటి తలుపు ఎటు అని అడిగారు. పట్టుకునేలోపే మోకాళ్ల మీద పడ్డారు. ఎముక విరగలేదు. ప్లేట్‌లెట్లు తక్కువగా ఉన్న సమయం కావడంతో మోకాళ్లు మాత్రం పది రోజులు నల్లగా కమిలి ఉన్నాయి.

తెల్లవారాక నేను డాక్టరుతోనూ ఫార్మసిస్టుతోనూ మాట్లాడాను, దొరికినంత మేరకు చదివాను. తెలిసిందేమిటంటే, గంజాయికి క్యాన్సర్ చికిత్సలో ఒక స్థానం ఉంది, అయితే అది వరుసలో మొదటిది కాదు. మేము మొదటి మెట్టు ఎక్కకుండానే మూడో మెట్టు మీద కాలు వేశాం. ఇదే సందిగ్ధంలో ఉన్నవారి కోసం ఆ మెట్లు ఏమిటో, ఏది ఎప్పుడు సరిపోతుందో, ఏది సరిపోదో రాస్తున్నాను.

ముందు బాధ పేరు తేల్చుకోవాలి

"కీమో పడటం లేదు" అని మనం ఒక్క మాటలో అనేస్తాం. అందులో నాలుగైదు బాధలు కలిసి ఉంటాయి, ఒక్కొక్క దానికి మందు వేరు. కీమో ఎక్కించిన 24 గంటల్లో వచ్చే వాంతి వేరు. రెండో రోజు నుంచి ఐదో రోజు దాకా పట్టి పీడించే వికారం వేరు. ఆసుపత్రి వాసన తగలగానే, సూది కనబడగానే కడుపులో తిప్పడం మరొకటి, అది మనసులో పడిన ముద్ర వల్ల వస్తుంది. ఆకలి లేకపోవడం, నోరు చేదు, నిద్ర పట్టకపోవడం, అరికాళ్ల తిమ్మిరి, నొప్పి ఇవన్నీ వేటికవే. కొన్నిసార్లు అసలు దోషి మలబద్ధకం. వాంతులకు ఇచ్చే ఆన్‌డాన్‌సెట్రాన్ మాత్రే పెద్దవారికి మలబద్ధకం తెస్తుంది, నాలుగు రోజులు విరేచనం కాకపోతే ఆ బిగింపుకే వికారం పెరుగుతుంది. అప్పుడు ఇంకో వాంతి మాత్ర వేస్తే పరిస్థితి మరింత బిగుసుకుంటుంది.

అందుకే ఒక చిన్న నోటుపుస్తకం పెట్టండి. కీమో జరిగింది ఏ రోజు, వికారం ఏ గంటకు మొదలైంది, ఎన్నిసార్లు వాంతి అయింది, ఏ మాత్ర ఎప్పుడు వేశారు, విరేచనం అయిందా, ఏమి తిన్నారు. మా డాక్టరు ఆ పుస్తకంలో రెండు పేజీలు చూసి, "ఇది రెండో రోజు తరువాత వచ్చే వికారం, దీనికి మనం ఇంకా పూర్తి మందు ఇవ్వనేలేదు" అన్నారు.

మామూలు మందుల్లో ఇంకా వాడనిది ఏది

చాలా ఇళ్లలో జరిగే పొరపాటు ఇక్కడే. ఆన్‌డాన్‌సెట్రాన్ ఒక్కటీ వాడి, అది పనిచేయకపోతే మందులన్నీ అయిపోయాయనుకుంటారు. మన ఊళ్లో ఎమిసెట్ అని, అమెరికాలో జోఫ్రాన్ అని అందరికీ తెలిసిన మాత్ర అదే. మొదటి రోజు వాంతిని అది బాగా ఆపుతుంది. మూడో రోజు వికారం మీద దాని పట్టు తక్కువ.

గట్టి కీమోలకు ఇప్పుడు డాక్టర్లు అనుసరించే పద్ధతిలో నాలుగు మందులు కలుస్తాయి. ఒకటి ఆన్‌డాన్‌సెట్రాన్ వర్గం, దానిలోనే ఎక్కువసేపు నిలిచేది పాలోనోసెట్రాన్. రెండోది డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్. మూడోది అప్రెపిటాంట్ వర్గం, రెండో రోజు తరువాత వచ్చే బాధకు ముఖ్యంగా ఇదే కావాలి. నాలుగోది ఒలాంజపిన్. సిస్‌ప్లాటిన్‌కు, రొమ్ము క్యాన్సర్‌లో ఇచ్చే డాక్సోరూబిసిన్, సైక్లోఫాస్ఫమైడ్ జంటకు ఈ నాలుగూ కలిపి ఇస్తారు. ఎక్కువ మోతాదు కార్బోప్లాటిన్‌కు కనీసం మొదటి మూడూ ఉండాలి. మా పెద్దమ్మకు ఇంటికి ఇచ్చింది ఒక్క ఆన్‌డాన్‌సెట్రాన్ మాత్రమే.

ఒలాంజపిన్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఆ పేరు వినగానే ఇంట్లోవాళ్లు బెదిరిపోతారు. ఇంటర్నెట్‌లో వెతికితే మానసిక రోగాల మందు అని వస్తుంది. నిజమే, పెద్ద మోతాదులో దాని మొదటి ఉపయోగం అదే. చిన్న మోతాదులో వికారాన్ని అణచడంలో దీనికి సాటివచ్చేవి తక్కువ. 10 మిల్లీగ్రాములు ఇస్తే పెద్దవారు మరునాడంతా మగతగా పడుకుంటారు, భయం దానికే. ముంబయిలోని టాటా మెమోరియల్ సెంటర్‌లో 2.5 మిల్లీగ్రాములను 10 మిల్లీగ్రాములతో పోల్చి చూశారు. చిన్న మోతాదు పెద్దదానికి తీసిపోకుండా పనిచేసింది, పగటి మగత బాగా తగ్గింది. ఆ ఫలితాలు 2024లో వెలువడ్డాయి.

ఆకలి సంగతికొస్తే పుదుచ్చేరిలోని జిప్‌మర్‌లో జరిగిన పరిశోధన ఇంకా విలువైనది. కడుపు, కాలేయం, క్లోమం, ఊపిరితిత్తుల క్యాన్సర్లు ముదిరి కీమో తీసుకుంటున్న 124 మందిలో కొందరికి రోజుకు 2.5 మిల్లీగ్రాముల ఒలాంజపిన్, మిగతావారికి మందు లేని ఉత్తుత్తి మాత్ర పన్నెండు వారాలు ఇచ్చారు. మందు తీసుకున్నవారిలో 60 శాతం మంది బరువు 5 శాతానికి మించి పెరిగింది. ఉత్తుత్తి మాత్ర వారిలో ఆ సంఖ్య 9 శాతం. 2023లో ప్రచురించారు. మన దేశపు రోగుల మీద, మన ఆసుపత్రిలో, ఏ మందుల దుకాణంలోనైనా చవకగా దొరికే మాత్రతో వచ్చిన ఫలితమిది. గంజాయి కోసం ఊళ్లు గాలించే ముందు ఈ చిన్న మాత్ర సంగతి డాక్టరును అడిగారా అన్నది నా మొదటి ప్రశ్న.

దీనికీ జాగ్రత్తలున్నాయి. మతిమరుపు జబ్బు ఉన్న పెద్దవారికి ఒలాంజపిన్ విషయంలో గట్టి హెచ్చరిక ఉంది. చక్కెర జబ్బు ఉంటే చక్కెర పెరగవచ్చు, డెక్సామెథాసోన్ అయితే తప్పకుండా పెంచుతుంది, కీమో తరువాత నాలుగు రోజులు ఇంట్లో చక్కెర చూసుకుంటూ ఉండాలి. పెరినార్మ్ పేరుతో దొరికే మెటాక్లోప్రమైడ్‌ను ఒలాంజపిన్‌తో కలిపి వాడకూడదు, మనవాళ్లు పాత చీటీలోని మాత్రలను అడగకుండా కలిపేస్తుంటారు. ఆసుపత్రి గుమ్మం దగ్గరే కడుపు తిప్పేవారికి ముందురోజు రాత్రి ఆందోళన తగ్గించే లోరాజపామ్ లాంటిది ఇస్తారు, అదీ పెద్దవారిని తూలేలా చేస్తుంది. అల్లం మీద మంచి పరిశోధనే ఉంది. రోజుకు అర గ్రాము నుంచి ఒక గ్రాము దాకా అల్లం పొడి, మాత్రలతో పాటు తీసుకుంటే మొదటి రోజు వికారం తగ్గిందని తేలింది. మాత్రలకు బదులుగా మాత్రం కాదు.

గంజాయి వైపు వెళ్తే: ఒకే మొక్క, వేర్వేరు స్వభావాలు

గంజాయికి వాంతుల మందుగా వచ్చిన పేరు ఎప్పటిదో గుర్తుంచుకోవాలి. టీహెచ్‌సీని ప్రయోగశాలలో తయారు చేసిన డ్రొనాబినాల్ క్యాప్సూల్‌కు, దానికి దగ్గరి బంధువైన నాబిలోన్‌కు అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1985లో అనుమతి ఇచ్చింది. ఆన్‌డాన్‌సెట్రాన్ వచ్చింది 1991లో, అప్రెపిటాంట్ 2003లో. అంటే గంజాయి మందులు పోటీపడి సాటి అనిపించుకున్నది ప్రోక్లోర్‌పెరజీన్ వంటి పాతకాలపు మందులతో. నేటి నాలుగు మందుల కలయిక ముందు అవి గెలిచాయని ఎవరూ చూపించలేదు. మార్గదర్శకాల ప్రకారం ఇచ్చే మామూలు మందులు వాడాక కూడా మిగిలిన వికారాన్ని ఎంతో కొంత తగ్గిస్తాయని మాత్రం చూపించారు. ఆస్ట్రేలియాలో అలాంటి రోగులకే టీహెచ్‌సీ, సీబీడీ (గంజాయిలోనే ఉండే మత్తు లేని పదార్థం) చెరి 2.5 మిల్లీగ్రాములు ఉన్న క్యాప్సూళ్లు రోజుకు మూడుసార్లు ఇచ్చి చూశారు. వాంతి లేకుండా, అదనపు మందు అవసరం లేకుండా గడిపినవారు ఉత్తుత్తి మందుతో 8 శాతం, గంజాయి క్యాప్సూల్‌తో 24 శాతం. మూడింతలన్నమాట నిజమే, కానీ నలుగురిలో ముగ్గురికి పూర్తి ఉపశమనం రాలేదన్నదీ నిజమే. మగత, తల తిరగడం, అయోమయం ఎక్కువయ్యాయి.

రూపాలను బట్టి చూస్తే, పొగగా పీల్చేది కీమోలో ఉన్న పెద్దవారికి వద్దే వద్దు. నిమిషాల్లో పనిచేస్తుంది, రెండు మూడు గంటల్లో దిగిపోతుంది, వాంతి అవుతున్నవారికి మింగే పని లేదు, ఇవి దాని గుణాలు. అయితే ఎండు ఆకులో బూజు ఉండవచ్చు. తెల్లరక్తకణాలు పడిపోయిన మనిషి ఊపిరితిత్తుల్లోకి ఆ బూజు వెళ్తే ప్రాణం మీదికి వస్తుంది. నూనెను ఆవిరిగా పీల్చే వేప్ గొట్టాలు మంచివనుకుంటారు. 2019లో అమెరికాలో వాటి నూనెలో కలిపిన విటమిన్ ఇ అసిటేట్ వల్ల ఊపిరితిత్తులు దెబ్బతిని మనుషులు చనిపోయారు. నియంత్రణ లేని సరుకులోనే అది ఎక్కువగా జరిగిందన్నా, డెబ్బై ఏళ్ల మనిషికి ఆ పరీక్ష ఎందుకు?

గమ్మీలు చూడటానికి అమాయకంగా ఉంటాయి, మమ్మల్ని మోసం చేసిందీ అదే. కడుపులోకి వెళ్లిన టీహెచ్‌సీ కాలేయం మీదుగా మెదడుకు చేరాలి. అరగంట నుంచి రెండు గంటలు పడుతుంది, జీర్ణం మందగించిన పెద్దవారిలో ఇంకా ఆలస్యం కావచ్చు. ఎక్కాక ఆరేడు గంటలు దిగదు. ఏమీ తెలియలేదని రెండో ముక్క ఇవ్వడం ఎప్పుడూ తప్పే. కాలిఫోర్నియాలో ఒక మోతాదుకు 10 మిల్లీగ్రాములు గరిష్ఠ పరిమితి, పొట్లానికి 100. ఆ 10 అలవాటున్న కుర్రవాడి మోతాదు. పెద్దవారికి అందులో నాలుగో వంతు, 2.5 మిల్లీగ్రాములు, మొదటి మెట్టు. గమ్మీని చాకుతో నాలుగు ముక్కలు చేస్తే ఒక్కొక్క ముక్కలో సరిగ్గా అంతే ఉంటుందనే భరోసా కూడా లేదు.

చుక్కల మందు, అంటే టింక్చర్, ఈ లెక్కన మెరుగు. డ్రాపర్ మీద గీతలుంటాయి, ఒక మిల్లీలీటరులో ఎంత ఉందో సీసా మీద ఉంటుంది, ఒకటి రెండు మిల్లీగ్రాములతో మొదలుపెట్టవచ్చు. నాలుక కింద వేసుకున్నా ఎక్కువ భాగం మింగేస్తాం కాబట్టి గమ్మీకిలాగే రెండు గంటల దాకా ఆగాల్సిందే.

డాక్టరు చీటీతో వచ్చే డ్రొనాబినాల్‌లో ఈ తంటాలు లేవు. 2.5 మిల్లీగ్రాముల క్యాప్సూల్‌లో అంతే ఉంటుంది, పెద్దవారికి తక్కువతో మొదలుపెట్టమని దాని సూచనల్లోనే ఉంది, మామూలు మందుల దుకాణంలో ఇస్తారు, మిగతా మందులతో దాని పొత్తు ఏమిటో ఫార్మసిస్టు చూస్తారు. క్యాప్సూల్‌లో నువ్వుల నూనె ఉంటుంది, నువ్వులు పడనివారికి ఇవ్వకూడదు. అమెరికాలో ఉన్న మన పెద్దవారికి గంజాయి వర్గంలో ఏదో ఒకటి కావాలనే పరిస్థితి వస్తే నా ఓటు దీనికే. డిస్పెన్సరీ కౌంటరు వెనుక ఉన్న కుర్రవాడు ఎంత మర్యాదస్తుడైనా అతని ముందు పెద్దమ్మ మందుల జాబితా ఉండదు.

ఇక సీబీడీ. మత్తు ఉండదు కాబట్టి నిరపాయం అనుకుని చాలామంది అమ్మానాన్నలకు కొని ఇస్తారు. ముదిరిన క్యాన్సర్ ఉన్నవారికి సీబీడీ నూనె ఇచ్చి చూసిన ఆస్ట్రేలియా పరిశోధనలో, మంచి ఉపశమన వైద్యం అందుతున్నవారికి దానివల్ల అదనంగా ఒరిగింది ఏమీ లేదని 2022లో తేలింది. అమెరికన్ సొసైటీ ఆఫ్ క్లినికల్ ఆంకాలజీ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, రోజుకు 300 మిల్లీగ్రాములు, అంతకు మించి సీబీడీని ఇలాంటి బాధలకు వాడవద్దని స్పష్టంగా చెప్పింది. గుణం కనిపించలేదు, కాలేయం మీద భారం పడుతుంది. అదే మార్గదర్శకాలు మామూలు మందులన్నీ వాడినా తగ్గని వికారానికి డ్రొనాబినాల్, నాబిలోన్ లేదా నాణ్యత పరీక్షించిన గంజాయి క్యాప్సూల్ అదనంగా ఇవ్వవచ్చన్నాయి. క్యాన్సర్‌ను నయం చేయడానికి గంజాయిని వాడవద్దన్నాయి. వాట్సాప్‌లో తిరిగే గంజాయి నూనెతో కణితి కరిగిన కథలను నమ్మి కీమో వాయిదా వేసుకోకండి. పోయిన మూడు నెలలు తిరిగి రావు.

వికారం కాక మిగతా బాధల్లో

ఆకలికి గంజాయి అమోఘం అనే మాట బాగా ప్రచారంలో ఉంది. 469 మంది క్యాన్సర్ రోగుల్లో డ్రొనాబినాల్‌ను మెజెస్ట్రాల్ అనే హార్మోను మందుతో పోల్చిన పరిశోధన 2002లో వచ్చింది. ఆకలి పెరిగిందన్నవారు మెజెస్ట్రాల్‌తో 75 శాతం, డ్రొనాబినాల్‌తో 49 శాతం. మెజెస్ట్రాల్‌కు కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది, మంచం పట్టినవారికి అది చిన్న విషయం కాదు. అందుకే జిప్‌మర్ ఫలితం నాకు అంత ముఖ్యమనిపించింది.

నొప్పికి మార్ఫిన్ సరిపోనివారి మీద గంజాయి స్ప్రే ప్రయత్నించారు, పెద్ద పరిశోధనల్లో నిలబడలేదు. పాక్లిటాక్సెల్ వల్ల వచ్చే అరికాళ్ల మంట, తిమ్మిరికి ఆధారం ఉన్న మందు డ్యులోక్సెటిన్. నిద్రకు గంజాయి కొందరికి పనిచేస్తుంది, పెద్దవారిలో ఆ నిద్ర మధ్యలో లేవడమే గండం.

పెద్ద వయసు వల్ల మారేవి

ముప్పై ఏళ్ల మనిషికి తల కాస్త తేలికైతే సోఫాలో పడుకుంటాడు. డెబ్బై దాటినవారికి టీహెచ్‌సీ ఎక్కితే లేచి నిలబడగానే రక్తపోటు పడిపోతుంది, గుండె దడదడలాడుతుంది, ఎక్కడున్నారో తెలియదు. కీమోతో ప్లేట్‌లెట్లు పడిపోయి ఉంటే తలకు తగిలిన చిన్న దెబ్బ కూడా మెదడులో రక్తస్రావానికి దారి తీయవచ్చు. ఈ మధ్యే గుండెపోటు వచ్చినవారికి, గుండె లయ తప్పేవారికి, మతిమరుపు మొదలైనవారికి, ఎప్పుడైనా లేనిపోని భ్రమలు కలిగినవారికి నేనైతే ఇవ్వను.

మందుల పొత్తు ఇంకో సంగతి. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వేసుకునేవారికి సీబీడీ, టీహెచ్‌సీ రెండూ రక్తం పలుచదనాన్ని పెంచగలవు. నిద్రమాత్రలు, మార్ఫిన్, నరాల నొప్పికి ఇచ్చే గబాపెంటిన్‌తో కలిస్తే మగత రెట్టింపవుతుంది. ఇమ్యునోథెరపీ, అంటే క్యాన్సర్ మీదికి ఒంటి రోగనిరోధక శక్తినే ఉసిగొల్పే చికిత్స, తీసుకుంటున్నవారిలో గంజాయి వాడినవారికి చికిత్స తక్కువగా పనిచేసిందని ఇజ్రాయెల్ పరిశీలనలు అనుమానం రేపాయి. కారణం గంజాయేనని అవి రుజువు చేయలేదు, అయినా నివొలుమాబ్, పెంబ్రోలిజుమాబ్ వంటివి ఎక్కించుకుంటున్నవారు డాక్టరుకు చెప్పకుండా వాడటం తగదు. నెలల తరబడి రోజూ వాడితే గంజాయే ఆగని వాంతులు తెస్తుందన్నది కూడా డాక్టర్లకు తెలిసిన జబ్బే. కీమో వాంతులనుకుని మోతాదు పెంచుతూ పోతారు.

చట్టం: ఇక్కడ పొరపాటుకు మందు లేదు

వైద్య అవసరానికి గంజాయిని అనుమతించిన మొదటి అమెరికా రాష్ట్రం కాలిఫోర్నియా, 1996లో. పెద్దలందరికీ అమ్మకం 2018 జనవరిలో మొదలైంది. టెక్సస్‌లో వైద్యుల ద్వారా నడిచే పరిమిత పథకమే ఉంది, కాలిఫోర్నియాలోలా పెద్దలెవరైనా డిస్పెన్సరీకి వెళ్లి గంజాయి కొనుక్కోవడం అక్కడ కుదరదు. రాష్ట్రం ఏమన్నా ఫెడరల్ చట్టం వేరు. మన కుటుంబాల్లో ఎక్కువమందికి తెలియని విషయం ఇదే. గంజాయి వాడకం, కలిగి ఉండటం రాష్ట్రంలో చట్టబద్ధమైనా సరే, పౌరసత్వ దరఖాస్తులో సత్ప్రవర్తనకు అడ్డంకి కావచ్చని అమెరికా ఇమిగ్రేషన్ శాఖ 2019 ఏప్రిల్‌లో స్పష్టం చేసింది. గ్రీన్ కార్డు మీద ఉన్న అమ్మ, విజిటర్ వీసా మీద వచ్చిన నాన్న, హెచ్-1బీ మీద ఉండి డిస్పెన్సరీకి వెళ్లి కొన్న కొడుకు, ముగ్గురికీ ఫెడరల్ చట్టం వల్ల చిక్కులు రావచ్చు. మా అన్నయ్యకు ఈ సంగతి ఆ పొట్లం కొన్నప్పుడు తెలియదు. అవసరం గట్టిగా ఉంటే ముందు ఇమిగ్రేషన్ లాయరును అడగండి. చీటీతో వచ్చే డ్రొనాబినాల్ ఫెడరల్ చట్టం ప్రకారం కూడా సక్రమమైన మందు, దాని వైపు మొగ్గడానికి నాకు ఇది రెండో కారణం.

బ్రిటన్‌లో మామూలు మందులతో తగ్గని కీమో వికారానికి నాబిలోన్‌ను పరిశీలించమని అక్కడ వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ సూచనల్లో ఉంది, ఆసుపత్రి నిపుణుల ద్వారానే అడగాలి. కెనడాలో 2018 అక్టోబరు నుంచి పెద్దలు నేరుగా కొనుక్కోవచ్చు.

ఇండియాకు వెళ్తూ "నాన్నకు పనికొస్తాయి" అని సూట్‌కేసులో గమ్మీలు పెట్టుకోవద్దు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్) కింద గంజాయి కొద్దిగా ఉన్నా ఏడాది దాకా జైలు ఉంది. మత్తుపదార్థం కలిపిన మిశ్రమంలో అసలు సరుకు ఒక్కటే కాదు, మొత్తం బరువునూ లెక్కించాలని సుప్రీంకోర్టు 2020లో తీర్పు ఇచ్చింది. పక్కన అమెరికా డాక్టరు చీటీ ఉన్నా అది కాపాడదు.

హైదరాబాదులోనో విశాఖలోనో ఉంటే

ఇక్కడ ఎంపిక సులువు, ఎందుకంటే చట్టం ఒప్పుకునే దారి ఒక్కటే ఉంది. ఎన్‌డీపీఎస్ నిర్వచనంలో గంజాయి అంటే పూత, కాయ ఉన్న కొనలు. వాటితో కలవని ఆకు, విత్తనం ఆ నిర్వచనంలోకి రావు. ఆ సందులోంచే ఆయుర్వేదంలో "విజయ" పేరుతో ఆకు సారం మందులుగా వస్తోంది. వైద్యుని పర్యవేక్షణలో వాడాల్సిన జాబితాలో అది ఉంది. ఆయుర్వేద వైద్యులు రాస్తారు, ఆన్‌లైన్‌లో చీటీ చూపించి తెప్పించుకుంటారు. పేరు ఆయుర్వేదమైనా లోపల ఉండేది అదే టీహెచ్‌సీ, అదే సీబీడీ, తూలడం, అయోమయం అన్నీ అవే. ఒక మిల్లీలీటరులో టీహెచ్‌సీ ఎన్ని మిల్లీగ్రాములో సీసా మీద లేకపోతే, ఆ బ్యాచి పరీక్ష పత్రం అడిగితే ఇవ్వకపోతే, కొనకండి. కొన్నాక క్యాన్సర్ డాక్టరుకు సీసా చూపించండి. "మూలికే కదా" అని దాచడం మనవాళ్ల పెద్ద అలవాటు.

ఆంధ్ర, ఒడిశా సరిహద్దు కొండల నుంచి దొంగచాటుగా దిగే ఎండు గంజాయిని "తెలిసినవాళ్లు తెచ్చిపెడతారు" అనేవారు ప్రతి ఊళ్లోనూ ఒకరుంటారు. బూజు, పురుగుమందు, ఎంత బలమో తెలియకపోవడం, పోలీసు కేసు, నాలుగూ ఒకే పొట్లంలో వస్తాయి.

అసలు ఇక్కడ వెతకాల్సింది ఉపశమన వైద్యుల విభాగం. పాలియేటివ్ అనగానే ఇక ఆశ లేదనుకుని ఇంట్లో ఏడుపులు మొదలవుతాయి. మొదటి కీమో నుంచే వెళ్లవచ్చు, వికారం, నొప్పి, ఆకలి, నిద్ర చూడటమే వారి పని. హైదరాబాదులో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో ఈ విభాగం ఏళ్లుగా నడుస్తోంది, నోటి మార్ఫిన్ అక్కడ దొరుకుతుంది. విశాఖలో టాటా మెమోరియల్ సెంటర్ వారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. మార్ఫిన్ రాయడానికి ఉన్న అడ్డంకులను 2014 చట్ట సవరణ చాలావరకు సడలించింది. గంజాయి కోసం అడిగేవారిలో చాలామంది బాధ నిజానికి సరైన నొప్పి మందు అందకపోవడమే.

అన్నీ అయ్యాక ఇవ్వాలనే అనుకుంటే

డాక్టరుకు చెప్పే మొదలుపెట్టండి. 2.5 మిల్లీగ్రాముల టీహెచ్‌సీ మించకుండా, వీలైతే దానిలో సగంతో, కీమో లేని ఒక మామూలు సాయంత్రం మొదటిసారి ఇవ్వండి. కీమో రోజునే మొదటిసారి ఇస్తే ఏ లక్షణం దేనివల్లో తేలదు. ఆ రాత్రి పక్కన ఒకరు పడుకోవాలి, బాత్రూము దీపం వెలుగుతూ ఉండాలి, మంచం పక్క చాప, చెప్పులు తీసేయాలి. అదే రోజు రెండో మోతాదు లేదు. మూడు రోజులు అదే మోతాదు చూసి, తరువాతే పెంచడమా ఆపడమా అన్నది. పుస్తకంలో రాయండి. రెండు విడతల కీమోలో తేడా కనబడకపోతే ఆపేయండి, అలవాటు మీద కొనసాగించకండి. పొట్లం పిల్లలకు అందకుండా తాళం వేసి పెట్టండి, గమ్మీలు వారి కంటికి మిఠాయే.

అన్నిటికన్నా ముందు ఆ పెద్దవారికి చెప్పి ఇవ్వండి. ఆ రాత్రి అన్నయ్య పెద్దమ్మతో "నిద్రకు బిళ్ల" అని చెప్పాడు. ఆమె తరానికి గంజాయి అంటే "తులసివనంలో గంజాయి మొక్క" అనే సామెతలోని చెడ్డ మొక్క. అసలు పేరు చెబితే ఒప్పుకోరని భయపడ్డాడు. మరునాడు నిజం తెలిసినప్పుడు ఆమెను పడటం కన్నా ఎక్కువ బాధించింది అదే. "నాకు మతి పోయిందనుకున్నాను, క్యాన్సర్ తలకెక్కిందనుకుని రాత్రంతా దేవుణ్ణి తలుచుకున్నాను. చెప్పి ఇస్తే కనీసం అది మందు వల్లేనని తెలిసేది కదరా" అన్నారు. అన్నయ్య సమాధానం చెప్పలేకపోయాడు.

రెండో విడత నుంచి డాక్టరు అప్రెపిటాంట్ కలిపారు, రాత్రిళ్లు 2.5 మిల్లీగ్రాముల ఒలాంజపిన్ నాలుగు రోజులు ఇచ్చారు, మలబద్ధకానికి రోజూ మందు రాశారు. వికారం పూర్తిగా పోలేదు, వాంతులు ఆగాయి. నాలుగో విడత తరువాత డ్రొనాబినాల్ మాట డాక్టరే ఎత్తారు. అది గంజాయిలోని మందేనని, ఏమి చేస్తుందో, ఏమి చేయవచ్చో పెద్దమ్మకు తెలుగులో అంతా వివరించి చెప్పాను. ఆమె కాసేపు ఆలోచించి, "మూడో రోజు చారన్నం తినగలుగుతున్నాను కదమ్మా, ఇప్పటికి వద్దు. తినలేకపోతే నేనే అడుగుతాను" అన్నారు. డాక్టరు ఆ మాటను అలాగే ఆమె రికార్డులో రాసుకున్నారు.